పైన్ గింజల సీసా

సునీతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. టేకులపల్లిలో మన విత్తనాల దుకాణం నేనే నడుపుతున్నాను. పోయిన వారం ఒకతను పైన్ చెట్టు బొమ్మ ఉన్న మందు సీసా ఒకటి అమ్మడానికి తెచ్చాడు.

"పైన్ గింజల్లోని ప్రొటీన్ మేడం. మిరప విత్తనానికి పట్టిస్తే బూజు దగ్గరికి రాదు" అన్నాడు.

ల్యాబ్‌లో నువ్వు చేసిన పని అదే కదా. నేలలో నానుతున్న పైన్ గింజను కుళ్లిపోకుండా కాపాడే ప్రొటీన్లు దానిలోనే ఉంటాయని, అవి మన మిరపకు పనికొస్తాయేమో చూస్తున్నానని చెప్పేదానివి. ఆ పని పూర్తి కాకముందే జబ్బు పడ్డావు. మరి ఇతనికెలా దొరికింది? నీ పని ఎవరో దొంగిలించి అమ్ముకుంటున్నారని అనుమానం వచ్చింది.

"ఎవరు తయారుచేసిండ్రు?" అని అడిగాను.

"అది కంపెనీ సీక్రెట్ మేడం."

దుకాణానికి వచ్చిన రైతు అంజయ్య అప్పటికే సీసా చేతిలోకి తీసుకున్నాడు. "పోయినేడు నారంతా కుళ్లిపోయింది. నాకొకటి ఇయ్యమ్మా" అన్నాడు.

"జర ఆగు బాబాయ్, ముందు నేను చూస్త" అన్నాను.

మిరప విత్తనాలను రెండు తడిగుడ్డల్లో మూటకట్టి, ఒక మూటకు ఆ మందు పట్టించాను. రోజూ విప్పి చూశాను. ఈ పొద్దున రెండింటికీ ఒకేలా బూజు పట్టి ఉంది.

అతను మళ్లీ వస్తే సీసా తిరిగిచ్చేశాను. "మీకు అనుమానం బాగా ఎక్కువున్నది మేడం" అని వెళ్లిపోయాడు.

నిజానికి రోజూ మూట విప్పేటప్పుడు బూజు ఉండకూడదనే కోరుకున్నాను. దొంగిలించిందైనా సరే, అది నీ పనే అయితే బాగుండేది.

అక్క