నాయిన నంబర్

2022 జూన్ 6, సోమవారం

మక్తల్ వెళ్లి నెట్ సెంటర్‌లో జాబ్ పోర్టల్‌లో పేరు ఎక్కించాను. బీకాం, ట్యాలీ, ఫ్రెషర్. కాంటాక్ట్ నంబర్ నాయినది ఇచ్చాను. మా ఇంట్లో సిగ్నల్ అసలు ఉండదు. ఆయన గొర్రెలు మేపే గుట్ట మీద ఫుల్. సెంటర్ నడిపే ప్రవళిక నవ్వి, కంపెనోళ్లతోని ఫస్ట్ మీ గొర్లే మాట్లాడుతయి పో అంది. నాకూ నవ్వొచ్చింది.

జూన్ 7

నాయినకు ట్రైనింగ్ ఇచ్చాను. హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తే పేరు అడగాలి, సాయంత్రం మా బిడ్డ చేస్తది అని చెప్పాలి. నేను గుట్టెక్కి చేస్తాను. గీమాత్రం నాకు తెల్వదా అన్నాడు. తర్వాత దొడ్డి దగ్గర ఒక్కడే ఆ మాటలు వల్లె వేస్తుంటే విన్నాను. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఇలాంటి నాయిన ఎంతమందికి ఉంటాడు!

జూన్ 14

రాలేదు.

జూన్ 20

నాయిన గుట్ట దిగగానే ఫోన్ లాక్కుని చూశాను. మధ్యాహ్నం ఏదో కొత్త నంబర్. చాలాసేపే మాట్లాడాడు. ఎవరంటే, గొర్ల బేరగాడు బిడ్డా, జర ఎక్కువ ముచ్చట పెట్టిండు అన్నాడు. అన్నం సగం వదిలేశాడు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ కలిపిచ్చాను.

జూలై 2

ఒక్క కాల్ లేదు. ఇక ఆగలేక ఏడ్చాను. నాయిన పక్కన కూర్చుని తల నిమిరాడు. ఫికర్ చెయ్యకు, నసీబ్‌ల ఉన్నది యాడికి పోదు అన్నాడు.

జూలై 5

నెట్ సెంటర్‌లో మెయిల్ తెరిచాను. హైదరాబాద్ కంపెనీ. అకౌంట్స్ అసిస్టెంట్. హాస్టల్ కూడా వాళ్లదే. జూన్ 20న ఫోన్ చేశారట. నాకు పెళ్లి కుదిరిందని, ఉద్యోగం వద్దని మా నాన్నగారు చెప్పారట. అందుకని నా పేరు తీసేశారట. చివర్లో వివాహ శుభాకాంక్షలు కూడా.

నాకు ఏ పెళ్లీ కుదరలేదు.

ప్రవళిక ఫోన్‌తో వాళ్లకు చేశాను. వేరే అమ్మాయి జాయినైపోయిందన్నారు. ఏమైందే అని ప్రవళిక అడిగితే రిజెక్ట్ అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

అదే రోజు, సాయంత్రం

అడిగేశాను. బుకాయించలేదు. మీ అమ్మ పోయినంక గీ ఇంట్ల అలికిడంటే నీదే బిడ్డా, ఆ మేడమ్ హైదరాబాద్ రావాలె అనంగనే నా నోట్లకెంచి గట్ల వచ్చేసింది అన్నాడు. గొంగడి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి.

నన్ను అడిగితే ఏం పోయింది? వద్దని అరిస్తే పోట్లాడేదాన్ని. ఉండమని బతిమాలితే ఉండిపోయేదాన్నేమో. అదే నన్ను కోసేస్తోంది. అన్నీ తెలిసే నా తల నిమిరాడు. ఆయన మీద అసహ్యమైనా రావడం లేదు, వస్తే బాగుండేది.

జూలై 6

పోర్టల్‌లో నంబర్ మార్చేశాను. ప్రవళికది ఇచ్చాను.

ఇంటికొచ్చేసరికి నాయిన వండిపెట్టి కూర్చున్నాడు. ఆకలి లేదని అబద్ధం చెప్పాను.

ఆయన నమ్మాడు.