పాదం కొలత

మా ఆవిడకి,

ఇక్కడ నేనూ, మీ అత్తగారూ, కుట్టుమిషనూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ కాళ్ళూ క్షేమమని రాయి, చాలు. అడిగావు కాబట్టి చెబుతున్నాను: అమ్మకి దగ్గు తగ్గింది, గొణుగుడు తగ్గలేదు. పై వాటా టీచరమ్మ జాకెట్టు ఇంకా కుట్టలేదు. రేపు, మాపు అంటూ తిప్పుతున్నాను.

ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి బట్టలు తనిఖీ చేసేసరికి మడమలు పీకేస్తున్నాయనీ, నీ షిఫ్టు అయ్యేసరికి దుకాణాలు మూసేస్తున్నారనీ, మెత్తటి బూట్లు నన్నే చూసి పంపమనీ రాశావు కదా. మొన్న వెళ్ళాను. పాతకాలం బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు వేసుకున్న తరహావి చూపించాడు దుకాణదారు. చీలమండ కప్పేవి కొన్ని, దాని కిందికే ఆగేవి కొన్ని. లోపల చెయ్యి పెట్టి చూశాను. అడుగు మెత్తగా ఉంది, ముందు వేళ్ళు ఆడేంత చోటుంది. పొట్టివే కావాలన్నాను. పొడుగువైతే నీ చీలమండ మీది పుట్టుమచ్చ కనబడదు. ఇక్కణ్ణించి నాకెలాగూ కనబడదనుకో.

"నంబరు?" అన్నాడు. దర్జీని, నీ భుజం, మెడ, చెయ్యి కొలతలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పాదం కొలత ఎన్నడూ తియ్యలేదు. ఇంటికొచ్చి మిషను పెడలు మీద, నువ్వు తొక్కీ తొక్కీ రంగు పోయిన చోట కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మళ్ళీ దుకాణానికి పట్టుకెళ్తే, అది చూసి దుకాణదారు, "ఆవిడ పాదమేనా సార్, ఏనుగుదా?" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. పన్నెండేళ్ళుగా ఆ పెడలు నేనూ తొక్కుతున్నాను. నీ పాదం ఎక్కడ అయిందో, నాది ఎక్కడ మొదలైందో తేలలేదు. ఆ కాగితం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది, చెబితే నవ్వుతావు.

ఇక దాచలేను. నెలాఖరుకి ఫ్యాక్టరీతో నీ ఏడాది ఒప్పందం పూర్తవుతుంది, ఇంకో ఏడాదికి సంతకం పెట్టనా అని అడిగితే "నీ ఇష్టం" అని రాశాను. నేను "నీ ఇష్టం" అన్నానంటే నాకు ఇష్టం లేదని నీకు తెలుసు. కానీ అది ఎదురుగా ఉన్నప్పుడు, నా మొహం చూసి కనిపెట్టేదానివి. ఉత్తరంలో మొహం ఉండదు కదా. నిజమే అనుకున్నావేమోనని అప్పట్నుంచీ భయంగా ఉంది. నాకు ఇష్టం లేదు. సంతకం పెట్టకు.

తెల్లవి, పక్కన ఎర్రగీత ఉన్నవి, రెండు సైజుల్లో తీసి ఉంచమన్నాను. నెలాఖరు దాకా ఉంచుతానన్నాడు. నంబరు రాసి పంపితే సరిపోతుందని నాకూ తెలుసు.

రాయకు. వచ్చి చెప్పు.

ఇట్లు,
నీ పాదం కొలత తెలియని
మీ ఆయన