ఆరో తారీఖు దాటని కంప్యూటర్

కడియం నుంచి

అక్కకు నమస్కారాలతో శాంత రాసేది. నువ్వు, బావ, పిల్లలు ఒంట్లో బాగున్నారని తలుస్తాను. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నా గురించి బెంగపడొద్దు. నేను బాగానే ఉన్నాను.

ధర్మవరంలో బిందెడు నీళ్ళకు కొట్లాడేవాళ్ళం. ఇక్కడ గోడ మీద చెయ్యి వేస్తే తడి. ఉతికిన చీర రెండు రోజులైనా ఆరదు. సంగటి ఊసే లేదు, పూటపూటా అన్నమే. ఆయన నర్సరీ మొక్కల లారీతో వెళితే మూడు వారాలకు గానీ రారు. ఒక్కదాన్నే ఇంట్లో ఉండలేక ఆ నర్సరీ ఆఫీసులోనే కంప్యూటర్ పనికి చేరాను. నిజంగా బాగానే ఉన్నానక్కా. కానీ ఒక సంగతి నీకు తప్ప ఎవరికీ రాయలేను.

ఆ కంప్యూటర్ రెండేళ్ళుగా దుప్పటి కప్పి ఉంది. ఓనరు గారు కొత్త ప్రోగ్రాం తెచ్చి, "పాతది తీసేసి ఇది ఎక్కించమ్మా" అన్నారు. తీసేశాను. మర్నాడు ఆన్ చేస్తే రెండేళ్ళ కిందటి నవంబరు ఆరో తారీఖు చూపించింది. సరిచేశాను. ఆ మర్నాడూ ఆరే. లోపలి బ్యాటరీ మార్పించినా ఆరే.

ఒకరోజు తేదీ చూసుకోకుండా మొక్కల జాబితా ప్రింటు తీసిచ్చాను. ఓనరు గారు కుర్చీలో కూలబడ్డారు.

"ఇది పద్మ వెళ్ళిపోయిన రోజమ్మా."

నాకంటే ముందు ఇక్కడ పనిచేసిన అమ్మాయి పద్మ. ఆ రోజు పొద్దుటి బస్సుకు కోనసీమలో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాల్సిందట. ప్రోగ్రాం ఎక్కించి వెళ్ళమని ఓనరు గారే ఆపారట. మూడింటి బస్సెక్కింది. ఆ సాయంత్రమే తుఫాను. మనిషి దొరకలేదు.

నర్సరీలో సంచులకు మట్టి నింపే మంగమ్మ గారు పద్మ తల్లి. ఈ మాట ఆవిడ చెవిన పడింది. మర్నాడు నేను తాళం తీసేసరికి గుమ్మంలో ఉంది.

"ఇయ్యాల దాంట్లో ఎంతో తారీకమ్మా?"

"ఆరేనండి. మిషను తప్పు చూపిస్తోంది."

"టయిమెంతయింది?"

"తొమ్మిదిన్నర."

"అయితే మా పద్మ ఇంకా బస్సెక్కలేదు" అంది, నవ్వుతూ.

అప్పట్నుంచి రోజూ వచ్చేది. "ఆ రోజు తినకుండా వెళ్ళిపోయిందమ్మా" అని బల్ల మీద క్యారేజీ పెట్టేది. మూడు కాగానే మట్టి చేతులతో లేచి గేటు వైపు చూస్తూ నిలబడేది. ఎవరూ పనికి పిలిచేవాళ్ళు కాదు.

రాజమండ్రి మెకానిక్కుకు ఫోన్ చేశాను. "ప్రోగ్రాం తీసేసినా దాని సెట్టింగులు ఉండిపోతాయండి. కంప్యూటర్ లేవగానే చదివే ఫైలొకటి ఉంటుంది, అందులో చూడండి" అన్నాడు. చూశాను. ఒకే ఒక్క వరుస. ఆ రోజు పద్మ ఎక్కించింది నెల రోజులే పనిచేసే ఉచిత ప్రోగ్రాం. నెల ఎప్పటికీ గడవకుండా, రోజూ ఆరో తారీఖే వచ్చేలా పద్మ రాసిపెట్టింది.

చెరిపేసే ముందు మంగమ్మ గారిని పిలిచాను. "ఇది మీ పద్మ రాసిందేనండి. తీసేస్తే రేపట్నుంచి ఆరు రాదు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని తెర మీద ఆ వరుసను వేలితో తడిమింది.

"రెండేళ్ళూ ఇక్కడే నిలబడిపోయిందామ్మా? కాళ్ళు పీక్కుపోవూ? పంపించెయ్యి."

ఆవిడ వేలు పట్టుకుని మీట నొక్కించాను. అప్పుడే బయట మూడింటి అమలాపురం బస్సు ఆగింది. దిగినవాళ్ళు లేరు. ఎక్కినవాళ్ళూ కనబడలేదు. అది కదిలేదాకా మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం.

మనిషి దొరకలేదని ఇన్నాళ్ళూ ఆవిడ కర్మకాండ చెయ్యనివ్వలేదు. ఆదివారం ధవళేశ్వరం రేవులో చేయించింది. నేనూ వెళ్ళాను. ఇప్పుడు ఆవిడ ఆఫీసు గుమ్మం వైపు రావడం లేదు.

నిన్న పద్మ ఆ చివరి రోజు చేసిన ఫైళ్ళు వేరే పెడదామని కూర్చున్నాను. తనవీ, తేదీ దిద్దడం మానేసిన ఆ రెండు వారాల్లో నేను చేసినవీ, అన్నిటి మీదా ఆరో తారీఖే. అవే మొక్కలు, అవే ఊళ్ళు. ఏది తను చేసిందో ఏది నేను చేసిందో నాకే తెలియలేదక్కా. అలాగే ఉంచేశాను.

పిల్లల ఫోటో ఒకటి పంపు. అమ్మకు, బావకు నా నమస్కారాలు. మా ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించు.

నీ చెల్లెలు
శాంత