సొట్ట తీయని జీపు

గోదావరిఖని,
ఆదివారం, మధ్యాహ్నం.

పూజ్యురాలైన అక్కకు తమ్ముడు రాజలింగు చేతులు జోడించి రాస్తున్నది.

మొదటగా నా తెలుగు పేదతనాన్ని క్షమించాలి. పగలు డ్యూటీ చేసి, రాత్రి బడిలో కూర్చుని నేర్చుకున్న భాష ఇది. పుస్తకంలో ఎలా ఉండేదో అలాగే వస్తుంది, గంజి పెట్టిన చొక్కాలాగా కాస్త బిర్రుగా ఉంటుంది. ఒకసారి తెలుగు పరీక్షే తప్పినవాడిని నేను. తప్పులుంటే నీ మరదలు సరోజ చేత దిద్దించు. అర్థం మాత్రం మార్చనివ్వకు.

నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? దవాఖానలో ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నావా, డబ్బాలో దాస్తున్నావా? బావ చాయలో చక్కెర మానేశాడా? సరోజను, అమ్మాయిని నీ గడపకు దగ్గరగా ఉంచి వచ్చానన్న ధైర్యంతోనే నేను ఇక్కడ ఉండగలుగుతున్నాను.

నేను క్షేమంగా ఉన్నాను. నిజంగానే క్షేమంగా ఉన్నాను, నా గురించి దిగులు పడవద్దు. ఎండలు మాత్రం బెల్లంపల్లి ఎండలు కావు. ఉదయం తొమ్మిదికే వర్క్‌షాపు రేకులు కాలిపోతాయి, పానా పట్టుకుంటే చేతికి బొబ్బ లేస్తుంది. పొద్దున అన్నం, పప్పు వండుకుని డబ్బా కట్టుకుంటాను. సాయంత్రం పక్క క్వార్టరు సమ్మయ్య ఇంటి నుండి ఏదో ఒక కూర వస్తుంది. సమ్మయ్య ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు, నేను ఆ డంపర్లు బాగు చేస్తాను. మనుషులకు కొదవ లేదు. అయినా మొదటి షిఫ్టు ముగించి మూడున్నరకు గది తాళం తీసినప్పుడు, లోపల ఎవరూ లేరన్న సంగతి రోజూ కొత్తగా తెలుస్తుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అడుగుతావు. కిందటి ఆదివారం బావ స్పీకరు పెట్టి నాతో మాట్లాడింది మరిచిపోయావా? మీ ఇంట్లో నలుగురు చుట్టాలు కూర్చుని ఉన్నారు.

"ఏం బామ్మర్దీ, నీ జీపులకు డీజిలు పోస్తున్నవా, పాలు పడుతున్నవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనేదో చెప్పబోయాను.

"నువ్వు ఏదో జీపు బొమ్మ తెస్తున్నవని సరోజ చెప్పింది. నా రిటైర్మెంటు ఫంక్షన్‌కు ఆఫీసర్లు వస్తరు. గా ఆటబొమ్మ తెచ్చి నా ఇజ్జత్ తియ్యకు. తెస్తే చెప్పులకాడ ఇడిషిపెట్టి లోపలికి రా."

నువ్వు కూడా అన్నావు: "తమ్మీ, బావ చెప్పింది ఇను. బట్టలు పెట్టు, అచ్చింతలు ఎయ్యి, బువ్వ తిని పో."

కాగితాన్ని స్పీకరులో పెట్టలేరు, మధ్యలో నవ్వి నా మాట ఆపనూ లేరు. అందుకే రాస్తున్నాను.

అక్కా, అది ఆటబొమ్మ కాదు. అసలు బండిలో ఇరవై నాలుగో వంతుకు కచ్చితంగా కుదించిన జీపు. పెట్టెలో చక్రాలు, కమాన్ పట్టీలు, ఇరుసులు, స్టీరింగు అన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని వస్తాయి. ఒక్కొక్కటి కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, అతికించి, రంగు వేయాలి. ముక్కలు రెండు వందలకు పైనే. కొన్ని బియ్యపు గింజంత ఉంటాయి. ఒకటి కింద పడితే ఆ పూట నేల మీద పాకడమే పని.

నలభై ఎనిమిదేళ్ల మనిషికి ఇదేం పిచ్చి అంటారు. అనుకోనీ. డ్యూటీలో నేను విప్పే చక్రం నా కంటే ఎత్తు. ఒక్క చక్రానికి ఆరుగురం. నేను బిగించిన బోల్టు ఏ బండిలో ఏ గుట్ట మీద తిరుగుతోందో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఒక్క బండినైనా మొదటి నుండి చివరి దాకా నా చేతులతో నిలబెట్టింది లేదు. ఈ జీపును నిలబెట్టాను. నాలుగు చక్రాలకూ ఇంజిను బలాన్ని పంపే కడ్డీలు దాని అడుగున ఉన్నాయి. తిప్పి చూస్తే తప్ప కనబడవు, ఎవరూ తిప్పి చూడరు. అయినా వాటికి నూనె మరకలు కూడా పెట్టాను. ఇందులో సిగ్గుపడవలసింది ఏముందో చదువుకున్నవాళ్లు నాకు చెప్పాలి.

పెట్టెలో వచ్చినది పరదేశపు జీపు, స్టీరింగు ఎడమ వైపు ఉంది. డాష్‌బోర్డును రంపపు బ్లేడుతో రెండుగా కోసి, స్టీరింగును కుడి వైపుకు మార్చాను. మొదటిసారి వంకర వచ్చింది, పీకి మళ్లీ చేశాను. స్టీరింగుకు ఎర్ర గుడ్డ చుట్టాను. ముందు బంపరుకు దారంతో చేసిన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీశాను. నా డ్యూటీ బట్టలు దులిపిన బొగ్గు పొడిని పాత ధోవతి గుడ్డలో జల్లించి చక్రాలకు అద్దాను.

ఈపాటికి నీకు అర్థమై ఉంటుంది. అవును, అది బావ జీపే. మన బెల్లంపల్లి గని మేనేజరుకు ఆయన పద్దెనిమిదేళ్లు నడిపిన జీపు. గని మూసిన ఏడాది దాన్ని తుక్కు కింద వేలం వేశారు. ఆ రోజు బావ జ్వరమని చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నువ్వు కాఫీ పెట్టి ఇచ్చావు, తాగలేదు. ఒళ్లు చల్లగానే ఉందని నువ్వే నాతో అన్నావు.

నేను కూడా ఒక పెద్ద తప్పు చేశాను, దాచను. జీపును నిలబెట్టడానికి ఒక చెక్క మీద మట్టి రోడ్డు తయారు చేశాను. రోజూ కళ్లముందు ఉండేది ఇక్కడి ఓపెన్‌కాస్టు రోడ్డే కదా, తెలియకుండానే దాన్నే చేశాను. ఒకనాడు సమ్మయ్య వంకాయ కూర గిన్నెతో వచ్చి చూశాడు.

"ఏందన్నా, కొత్త బండి కొని బురద పూస్తున్నవ్?" అని నవ్వాడు. తరువాత వంగాడు, నవ్వు ఆపాడు. "జెండ ఏది?"

"ఏ జెండ?"

"అరె, గిది మా డంపర్ రోడ్డు గదా! చక్రాల అచ్చులు సుత మావే. నేను పైన కూసుంటె ముంగటున్న జీపు నాకు కనవడది. కట్టెకు ఎర్ర జెండ లేకుంటె తొక్కుకుంట పోత. నాకు తెల్వనే తెల్వది. జల్ది పెట్టన్నా!"

ఇక్కడ ఓపెన్‌కాస్టులో దిగే ప్రతి జీపుకు పొడుగాటి కట్టె మీద ఎర్ర జెండా ఉండాలి. పెద్ద డంపర్ నడిపేవాడికి జీపు కనబడదు, జెండా ఒక్కటే కనబడుతుంది. ఆ జీపుల జెండాలు సరిచూసేవాణ్ణి, నేనే మరిచాను! బావ జీపు ఏనాడూ ఓపెన్‌కాస్టులో దిగలేదు, దానికి జెండా లేదు. కాబట్టి జెండా పెట్టలేదు. రోడ్డంతా గోకేసి, మన గని ముందరి ఎర్రమట్టి దారి వేశాను. మూడు ఆదివారాలు పట్టింది. కానీ అక్కా, ఏడాదిన్నరగా అందరూ నవ్విన నా జీపు గురించి ఆ రోజు ఒక మనిషి భయపడ్డాడు. ఆటబొమ్మ కోసం ఎవరైనా భయపడతారా?

ఇక అసలు విషయం. జీపు ఎడమ ముందు మడ్‌గార్డు మీద ఒక సొట్ట ఉంది. ఆ సొట్ట బర్రె తాకితే పడిందని నువ్వూ నమ్మావు, మేనేజరూ నమ్మాడు. బర్రె లేదు.

నేను తెలుగు సప్లిమెంటరీ రాయవలసిన రోజు వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. హాల్‌టికెట్టును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని బస్టాండులో తడుస్తూ నిలబడ్డాను. మేనేజరును స్టేషను నుండి తేవడానికి ఖాళీ జీపుతో పోతున్న బావ ఆగాడు.

"ఎక్కు."

"రోడ్డు మీద నీళ్లు పోతున్నయి బావా."

"బస్సుకు కావాలె రోడ్డు. జీపుకెందుకుర?"

పొలాల గట్ల మీదుగా, రాళ్ల గుట్ట చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. ఒక బండరాయి తగిలి మడ్‌గార్డు లోపలికి పోయింది. దిగి చూశాడు, మళ్లీ ఎక్కాడు. "నువ్వు పోయి పరీక్ష రాయి. గిది బర్రె తాకింది. సమజైందా?" అన్నాడు. మేనేజరు ఆలస్యానికీ సొట్టకూ కలిపి మెమో ఇచ్చాడు. బావ తీసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా బర్రె కథే చెబుతున్నాడు.

ఆ పరీక్షలో పాసయ్యాను. ఆ తరువాతే ఇంటర్ రాశాను, ఫిట్టర్ అయ్యాను. ఈ ఉత్తరంలోని ప్రతి అక్షరం ఆ సొట్టలో నుండి వచ్చింది. వేడి చేసిన చెంచా మొనతో ఆ సొట్టను నొక్కాను, కొలత తప్పలేదు. ఆ జీపులో రెండో సీటులో కూర్చున్నది నేను.

కాబట్టి నా మాట ఇది. నెలాఖరుకు వస్తాను. బావకు బట్టలు పెడతాను, నీ కాళ్లకు మొక్కుతాను. జీపును రెండు చేతులతో పట్టుకుని ఆఫీసర్ల ముందు నుండే లోపలికి వస్తాను. సొట్ట తీయను, దుమ్ము తుడవను. చెప్పుల దగ్గర పెట్టమంటే అక్కడే పెడతాను. నేనూ దాని పక్కనే నిలబడతాను, ఫంక్షన్ అయ్యేదాకా. వచ్చినవాళ్లు అడిగితే అది ఎవరి జీపో చెబుతాను.

వచ్చేటప్పుడు ఇక్కడి నుండి ఏం కావాలో చెప్పు. నాకు తిరుగు ప్రయాణంలో నీ చేతి చింతకాయ తొక్కు ఒక సీసా చాలు. వీధిలోని పెద్దలందరికీ నా దండాలు. అమ్మాయికి ముద్దులు. మీ దీవెనలు నా మీద ఉండాలి.

ఇట్లు,
నీ తమ్ముడు,
రాజలింగు.

ఈ ఉత్తరం నీ తరువాత సరోజకు ఇవ్వు. నేను గదిలో ఒంటరిగా ఏం చేస్తున్నానోనని ఆమెకు దిగులు. ఆ తరువాత బావకు ఇవ్వు. చదివి వినిపించవద్దు, కళ్లద్దాలు పెట్టుకుని ఆయనే చదువుకోవాలి. చదివేటప్పుడు దగ్గర ఎవరూ కూర్చోవద్దు. బర్రె గురించి మాత్రం ఆయన్ను అడగవద్దు. ఆయన తనంతట తాను చెబితేనే వినండి.