పారాణి ఫౌజు

ఫిబ్రవరి 9
వాట్సాప్‌ల నాకు నేనే మెసేజ్ పెట్టుకుంటున్న. ఎవరు చూడరు. మంచిగున్నది.
హరీశన్న షార్జా నుంచి సెలవు మీద వచ్చిండు. మా పెద్దనాయిన కొడుకు. ఆడ గేమ్ షాపుల క్లీనింగ్ పని. నాకు ఒక డబ్బా తెచ్చిండు. లోపల వేలెడంత ప్లాస్టిక్ సిపాయిలు, బూడిద రంగుల. టేబుల్ మీద యుద్ధం ఆడతరట. ఎవరి ఫౌజుకు వాళ్లే రంగులేసుకోవాలెనట. మస్తు మంచిగేస్తే షాపు అద్దాల అల్మారీల పెడ్తరట. 22కు వాపస్ పోత, గంతల రంగులెయ్యి, తీస్కపోయి మా సేటుకు చూపిస్త అన్నడు.
తల ఊపిన.

ఫిబ్రవరి 11
డబ్బా మీది బొమ్మల అందరికి నీలం డ్రెస్సే. నాకు నీలం వద్దు.
నేను పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము కాడ పని చేస్త. ఇంటికొచ్చేసరికి చెవులు, కనుబొమ్మలు అన్ని పసుపే. బస్సుల పోరలు ఏం పెండ్లికొడుకా, పిల్ల యాడిది అని నవ్వుతరు. నేను కిటికీ దిక్కు తిరుగుత.
నా ఫౌజు మొత్తం పసుపే ఉంటది. డాళ్లు పసుపాకు లెక్క ఆకుపచ్చ. ఫిక్స్.

ఫిబ్రవరి 14
దుకాణంల పసుపు పెయింట్ నిమ్మకాయ లెక్కుంది. మా డ్రమ్ముల రంగు గది కాదు. డ్రమ్ము కాడి దుమ్మే తెచ్చి ఫెవికాల్‌ల కలిపిన. మా అక్క దీపను ఐలైనర్ బ్రష్ అడిగిన. పోరి లెక్క గిదేం పనిరా అన్నది గని ఇచ్చింది. చిన్నప్పటి సంది అమ్మతోని బీడీలకు దారం కట్టిన చెయ్యి. వణకది.
బూడిద రంగు మీద పసుపు లేస్తలేదు. కింద తెల్లగుండాలె. రేపు గోడకేసే సున్నం పూస్త.

ఫిబ్రవరి 16
ఖతం.

ఫిబ్రవరి 16, మాపటికి
సున్నం మీద పసుపు పెట్టిన. నా కండ్ల ముంగటనే ఎర్రగైంది. పసుపుకు సున్నం తాకితే ఎర్రగైతదని చిన్నపోరగాళ్లకు గూడ ఎరుక. పసుపు ఊర్ల పుట్టి నేనే మర్చిపోయిన.
మా నాయనమ్మ ఎంకవ్వ పొట్ట పట్టుకొని నవ్వింది. నీకేమో పసుపు, నీ సిపాయిలకేమో పారాణి, పెండ్లి మొత్తం ఇంట్లనే అయితుంది కదరా అన్నది. పెండ్లిపిల్ల కాళ్లకు పెట్టేది గీ ఎరుపే.
నాకు నవ్వు రాలే.

ఫిబ్రవరి 19
అన్న చూసిండు. డబ్బా మీద గిట్ల లేదు కదరా, ఇంక టైముంది, నీలం కొనిస్త, మీదికెళ్లి కొట్టెయ్ అన్నడు.
ఒక సిపాయిని ఎండల పెట్టి చూసిన. ఒళ్లు ఎరుపు, డాలు ఆకుపచ్చ, ముడతలల్ల సున్నం తెల్లగ. కండ్లకు అక్క ఐలైనరే. గిసోంటి ఫౌజు యాడ లేదు.
వద్దన్న. అన్నకు ఎదురు చెప్పుడు గిదే ఫస్ట్.

ఫిబ్రవరి 22
సిపాయిలను చెప్పుల డబ్బాల దూది పెట్టి పంపిన. అన్న బ్యాగుల తొక్కు డబ్బాల నడుమ పోయిండ్రు. ఒకన్ని ఉంచుకున్న. వానికి సున్నం పెట్టుడు మర్చిన. జర మసకనే గని పసుపుగనే ఉన్నడు, నా లెక్క.

ఫిబ్రవరి 27
ఏం మెసేజ్ లేదు.

మార్చి 3
ఫోటో వచ్చింది!! అద్దాల అల్మారీ. చుట్టూ నీలం, నలుపు. నడుమ వరుస నాది. సేటు లైట్ గూడ పెట్టించిండట. గిదేం పెయింటని వచ్చినోళ్లంత అడుగుతుండ్రట. కింద కార్డు మీద పేరుండాలె, బబ్లు అని రాపియ్యాల్నా అని అన్న అడిగిండు.
అందరు బబ్లు అనే పిలుస్తరు. వాయిస్ మెసేజ్ పెట్టిన, మొదటిసారి. గంగాప్రసాద్, ఆర్మూర్.
మళ్ల మళ్ల నేనే విన్న.

మార్చి 4
బస్సుల ఒకడు పెండ్లికొడుకా అన్నడు. కిటికీ దిక్కు తిరగలే. ఫోన్ తీసి అల్మారీ ఫోటో వాని మొఖం ముంగట పెట్టిన.
నా బరాత్ గిదే అన్న.