ఆరంగుళాల తేడా

చిరంజీవి మనవరాలికి,

నానమ్మ ఆశీస్సులు. నేనూ తాతయ్యా క్షేమం. గోడలు, తలుపులు, నేల మాత్రం ఇంకా కోలుకోవాలి. నువ్వు ఉద్యోగ శిక్షణ ముగించుకుని ఇరవయ్యో తేదీకి వచ్చేసరికి ఇల్లు సిద్ధమవుతుందా అని అడిగావు. ఈ రోజు పదో తేదీ. నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు రాస్తున్నాను. వంటగట్టు నీ ప్లాను ప్రకారమే కట్టారా అని మళ్ళీ అడిగావే, దాన్ని చివరికి ఉంచాను. ఆ జవాబు రాయడం నాకు కొంచెం కష్టం.

ముందు రంగు సంగతి. డబ్బా మూత మీద లేత పసుపు, గోడ మీద పచ్చకామెర్లు. పెయింటర్‌ను నిలదీశాను.

"ఆరితే మారుతుందమ్మగారూ."

"ఎప్పుడు ఆరుతుంది?"

"మారినప్పుడు తెలుస్తుందిగా!"

తాతయ్య నవ్వారు. నేను నవ్వలేదు. నాలుగు గోడల మీదా జానెడేసి ముక్కలు నాలుగు రంగుల్లో వేయించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు వేశాక ఒకసారి చూసి ఒకటి ఖాయం చేశాను. ఇప్పుడు బాగుంది.

వడ్రంగి రోజూ వస్తున్నాడా అన్నావు. పదిహేను రోజుల్లో పదకొండు రోజులు వచ్చాడు. నాలుగు నాగాలకూ పంటినొప్పే కారణం. కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు, మళ్ళీ ఎడమవైపు. నా లెక్కల పుస్తకంలో తేదీలతో సహా ఉంది. నాలుగో నాగా మర్నాడు "ఏదీ, నోరు తెరువు" అన్నాను. అప్పటి నుంచి వేళకు వస్తున్నాడు.

నీ గదిలో అలమర చక్కగా కుదిరింది. ఫ్యాను స్విచ్చి దాని వెనక్కి పోయింది. "కరెంటాయన ముందే చెప్పాలి కదా" అంటాడు వడ్రంగి. "అక్కడ అలమర వస్తుందని నాకేమన్నా కలొచ్చిందా?" అంటాడు కరెంటాయన. నేల మీద ప్లాను పరిచి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. రేపు స్విచ్చి తలుపు పక్కకు మారుతుంది. అందాకా నీ గదిలో గాలి కావాలంటే స్వెట్టర్ల మధ్య నుంచి చెయ్యి దూర్చాలి.

ఇక వంటగట్టు. "ప్లాను ప్రకారమే" అని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం.

నువ్వు గీసిన ప్లానులో గట్టు ఎత్తు ముప్పై అయిదు అంగుళాలు. హాలు కిటికీ దగ్గర ఒక కుర్చీ గీసి "నానమ్మ" అని రాశావు. కాగితమంతా వెతికాను. ఆ కుర్చీ దగ్గర తప్ప నా ఊసు ఎక్కడా లేదు. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో వండిన మనిషిని తీసుకెళ్ళి కుర్చీలో పడేశావని ఒళ్ళు మండింది. ముప్పై అయిదు కొట్టేసి, నా ఎత్తుకు సరిపోయేలా ఎర్ర సిరాతో ఇరవై తొమ్మిది వేశాను. బడిలో పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి కదా, పక్కన సంతకం కూడా పెట్టాను. మేస్త్రి ఆ సంతకం చూసి మారుమాట్లాడకుండా కట్టేశాడు.

రాయి పరిచాక, మేస్త్రి నీ అంత పొడుగు కాబట్టి, గిన్నె కడిగినట్టు నిలబడి చూపించమన్నాను. పాపం, నడుం రెండుగా వంచి, "ఇది వండే గట్టా, కూర్చునే అరుగా అమ్మగారూ?" అన్నాడు. నీ నడుంనొప్పి, వంగొద్దన్న డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చాయి. తెలియక చేశానని అనను. తెలుసు. కోపంలో పక్కన పెట్టాను.

గట్టుకు మూడు పలకలున్నాయి. సింకు, పొయ్యి ఉన్న రెండు పలకలనూ రేపటి నుంచి ముప్పై అయిదుకు ఎత్తిస్తున్నాను. ఇరవయ్యో తేదీ లోపు అయిపోతుంది. చివరి పలక ఒక్కటి నా ఎత్తునే ఉంచనిస్తావా? కూరలు తరిగి నీకు అందివ్వడానికి ఆ కాస్త చోటు చాలు. కుర్చీ తాతయ్యకు బాగా నచ్చింది.

వద్దంటే అదీ ఎత్తిస్తాను. నాకు కోపం రాదని మాత్రం రాయను. నీకు ఒక్క అబద్ధం రాసినందుకే రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇట్లు,
జవాబు కోసం చూసే
నీ నానమ్మ