బావ అమ్మిన చిత్రిక మిషను

అమ్మా, నేను కులాసా. చేతివేళ్లు పదీ ఉన్నాయి, కంగారు పడకుండా చదువు.

చెక్క నునుపు చేసే పాత చిత్రిక మిషను బావ దగ్గర కొన్నానని రాశాను కదా. నెలరోజులు తుప్పు గీకాను, బేరింగులు మార్చాను, బ్లేళ్లు సాన పట్టించాను. చెక్క ఆనే ఇనుప బల్ల అడుగున రంగు బాగానే ఉందని దాని జోలికి పోలేదు. సోమవారం మొదటి చెక్క పెట్టగానే ఆ బల్ల ఫెళ్లున విరిగింది. చెక్క నా చెవి పక్కనుంచి ఎగిరి గోడకు తగిలింది. విరిగినచోట చూస్తే ఎప్పటిదో పగులు. లప్పం కూరి, పైన రంగు కొట్టారు.

తిన్నగా బావ షాపుకు వెళ్లాను. "నీకు తెలియదా బావా?" అన్నాను.

చేతిలో టీ గ్లాసు కూడా దించలేదు. "తెలుసురా. బయటివాడైతే మర్నాడే తెచ్చి నా గుమ్మంలో పడేస్తాడు. నువ్వైతే ఎవరికి చెప్పుకుంటావు?" అన్నాడు.

ఇంతలో అక్క లోపల్నుంచి వచ్చి, "మా ఆయన ఇచ్చిన మిషను ఎలా ఉందిరా?" అంది, మొహం వెలిగిపోతూ. బ్రహ్మాండంగా ఉందన్నాను. బావ నవ్వాడు.

నాన్నకు అవసరం లేకపోతే ఆయన చేతి చిత్రిక పంపు. చెల్లి కళ్లజోడు మార్పించారా? నీ మోకాలికి కొత్త మందు పనిచేస్తోందా?

అక్క నీకూ మిషను సంగతి గొప్పగా రాస్తుంది. సంతోషమని జవాబు రాయి. నాన్నకు మాత్రం ఈ ఉత్తరం చూపించకు.

నీ కొడుకు